కూడూ వేటకు వెళ్తున్నారా? గురి పెట్టడం నుంచి గాయపడిన జంతువును వెతకడం దాకా

ఏటా మే నెల వచ్చి దక్షిణాఫ్రికాలో చలి మొదలయ్యేసరికి మనవాళ్ళ నుంచి అవే ప్రశ్నలు. “ఆఫీసు మిత్రుడు అడవి జంతువులుండే ఫామ్‌కి వేటకు రమ్మంటున్నాడు, నాకు తుపాకీ లైసెన్సు లేదు, వెళ్ళొచ్చా?” “కూడూకి (ఇక్కడి పెద్ద జింకజాతి జంతువు) ఎక్కడ కొట్టాలి?” “తగిలింది, కానీ పడకుండా పొదల్లోకి పోయింది, ఇప్పుడేం చేయాలి?” ఈ మూడో ప్రశ్న అడిగే పరిస్థితి ఎవరికీ రాకూడదు. అందుకే ఇందులో తుపాకీల ముచ్చట తక్కువ. గుండె ఎక్కడుంటుంది, ఎప్పుడు కాల్చకూడదు, తగిలాక ఏం చేయాలి అన్నవే ఎక్కువ.

ఇదంతా దక్షిణాఫ్రికా, నమీబియాల్లో అనుమతితో జరిగే వేట గురించి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ నేర్చుకున్నది అక్కడ ప్రయత్నించే మాటే లేదు.

ముందు జంతువును తెలుసుకోండి

కూడూ మన కృష్ణజింక కంటే మనుబోతుకు దగ్గర చుట్టం. మగది 190 నుంచి 270 కిలోలు తూగుతుంది, కొన్ని అంతకంటే ఎక్కువే. కొమ్ములు మగవాటికే. బూడిదరంగు ఒంటి మీద నిలువుగా సన్నని తెల్లచారలు, కళ్ళ మధ్య తెల్లగీత, మగదానికి గొంతు కింద వెంట్రుకల కుచ్చు. ఆకులు మేసే జంతువు కాబట్టి పచ్చికబయళ్ళలో కాకుండా తుమ్మపొదల్లో, రాళ్ళగుట్టల వాలుల్లో ఉంటుంది. చెవులు చేటల్లా ఉంటాయి. అనుమానం వస్తే వెంటనే పరుగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుని నిలబడుతుంది. 40 మీటర్ల దూరం నుంచి నడిచిపోతూ కూడా దాన్ని చూడకుండా దాటిపోతాం.

కాగితాలు

దక్షిణాఫ్రికాలో తుపాకీ లైసెన్సు పౌరులకూ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకే. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకు 2000 నాటి ఫైర్‌ఆర్మ్స్ కంట్రోల్ చట్టం 22వ సెక్షన్ దారి చూపిస్తుంది: లైసెన్సుదారు పక్కనే ఉండి చూసుకుంటుంటే అతని తుపాకీ మీరు వాడొచ్చు. పక్కనే అంటే పక్కనే. అతను గుట్టకు అవతల, మీరు ఇవతల ఉంటే ఆ సెక్షన్ మిమ్మల్ని కాపాడదు.

ఫామ్ యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఏ జంతువు, ఆడదా మగదా, ఎన్ని అన్నది అందులో ఉండాలి. తిరుగు ప్రయాణంలో బక్కీలో (పికప్ బండి) మాంసంతో పోలీసులు ఆపితే చూపించాల్సింది ఆ కాగితమే. ప్రావిన్సు వేట లైసెన్సు కావాలా, ఆ ఫామ్‌కి మినహాయింపు ఉందా అన్నది కూడా యజమానినే ముందుగా అడగండి. ప్రావిన్సుకో తీరు.

ఇండియా నుంచో అమెరికా నుంచో విదేశీ వేటగాడిగా వచ్చేవాళ్ళకు ప్రొఫెషనల్ హంటర్ (లైసెన్సున్న వేట గైడు) తప్పనిసరి. సొంత రైఫిల్ తెచ్చుకునేవాళ్ళు ఎస్‌ఏపీఎస్ (దక్షిణాఫ్రికా పోలీసు శాఖ) 520 ఫారం నింపాలి. మొదటిసారి వస్తున్నవాళ్ళు అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు. నమీబియాలో కూడూ, జెమ్స్‌బాక్ వంటి పెద్ద జింకజాతులకు తూటా శక్తి తుపాకీ గొట్టం దాటేటప్పుడు కనీసం 2700 జూల్స్ ఉండాలని నియమం. స్ప్రింగ్‌బాక్ అనే చిన్న జింకకు 1350 చాలు. అక్కడ పిస్టళ్ళు, సెమీ ఆటోమేటిక్‌లు వేటకు పనికిరావు. జింబాబ్వే వైపు వెళ్ళేవాళ్ళు కామఫ్లాజ్ బట్టలు ఇంట్లోనే వదిలేయండి, అక్కడ పౌరులు అవి వేసుకోకూడదు.

కావలసినవి

- థర్టీ నాట్ సిక్స్ గానీ త్రీ నాట్ ఎయిట్ గానీ రైఫిల్. 165 నుంచి 180 గ్రెయిన్ల (తూటా తూకం కొలత) బాండెడ్ తూటాలు, అంటే తగిలాక ముక్కలైపోకుండా సీసం పైతొడుగుకు అతికి ఉండేవి. సెవెన్ బై ఫిఫ్టీసెవెన్ కూడా ఏళ్ళుగా కూడూను దించుతున్న తుపాకీయే. టూ ఫార్టీ త్రీ ఇంపాలా వంటి చిన్న జింకకు బాగుంటుంది, కూడూకి చాలదు.
- 8×42 లేదా 10×42 బైనాక్యులర్. డబ్బు ఖర్చుపెట్టాల్సింది స్కోప్ కంటే ముందు దీని మీదే.
- మూడు కాళ్ళ ఊతకర్ర, నిలబడి కాల్చడానికి.
- పల్చటి గుడ్డలో కట్టిన బూడిద, గాలివాలు చూడటానికి.
- మెత్తటి అడుగున్న బూట్లు, రాసుకుంటే చప్పుడు చేయని నూలుబట్టలు, నిండుచేతుల చొక్కా. పురుగులు దరిచేరకుండా ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి, గోమార్ల వల్ల జ్వరం వస్తుంది.
- పదునైన కత్తి, రబ్బరు గ్లవ్స్, టాయిలెట్ పేపర్ ఒక చుట్ట. అది ఎందుకో 7వ మెట్టులో చూడండి.

1. తుపాకీని ఫామ్‌లోనే సరిచూడండి

అద్దె తుపాకీ అయినా, నిన్ననే రేంజ్‌లో కాల్చిన సొంత తుపాకీ అయినా, ఫామ్ చేరగానే మూడు తూటాలు కాల్చి చూడండి. మట్టిరోడ్డు మీద బక్కీ కుదుపులకే స్కోప్ కదులుతుంది. 100 మీటర్ల దగ్గర గురికి 5 సెం.మీ. పైన తగిలేలా పెట్టుకుంటే థర్టీ నాట్ సిక్స్ 200 మీటర్ల దగ్గర దాదాపు గురి మీదే తగులుతుంది. 300 మీటర్లకు మాత్రం జానెడు పైగా కిందకు దిగుతుంది. 200 దాటితే మొదటిసారి వెళ్ళినవాళ్ళు కాల్చనే కూడదు.

తరువాత ఊతకర్ర మీద నిలబడి 10 తూటాలు కాల్చండి. బల్ల మీద ఇసుకసంచులు పెట్టి కాల్చినప్పుడు వచ్చే గురి కర్ర మీద రాదు. 100 మీటర్ల దగ్గర పదింటికి పదీ భోజనం పళ్ళెమంత వృత్తంలో పడకపోతే మీ హద్దు 100 కాదు, 70. ఆ అంకె మీతో వచ్చేవాళ్ళకు ముందే చెప్పండి. స్కోప్‌కి కన్ను మరీ దగ్గర పెడితే వెనక్కి తన్ని కనుబొమ్మ చీరుతుంది. నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి.

2. గాలికి ఎదురుగా నడవండి

పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు, పొద్దు గూకే ముందు రెండు గంటలు కూడూ మేతలో ఉంటుంది. మధ్యాహ్నం నీడలో పడుకుంటుంది. ప్రతి పది నిమిషాలకూ బూడిద మూటను తట్టండి. బూడిద మీ ముఖం మీదకు వస్తుంటే సరే. ముందుకు పోతుంటే అక్కడితో ఆపి చుట్టూ తిరిగి రండి. ఎండ ఎక్కేకొద్దీ గుట్టవాలు మీద గాలి పైకి లేస్తుంది, అందుకే పొద్దెక్కాక కింద నుంచి ఎక్కితే మీ వాసన మీకంటే ముందు పైకి చేరుతుంది.

నడిచేటప్పుడు ఛాంబర్‌లో తూటా ఉండకూడదు. కర్ర మీద తుపాకీ పెట్టాకే, వెంట ఉన్న పెద్దవేటగాడు చెప్పాకే ఎక్కించండి.

3. కూడూను కాదు, కూడూ ముక్కను వెతకండి

మొత్తం జంతువు కనిపిస్తుందని చూస్తే ఎప్పటికీ కనిపించదు. బైనాక్యులర్‌లో వెతకాల్సింది: నిలువు కొమ్మల మధ్య అడ్డంగా ఉన్న ఒక గీత (అది వీపు), చెవి విదిలింపు, కొమ్ము మీద మెరుపు, చార ముక్క. పొదను ఒకసారి కాదు, రెండుసార్లు చూడండి. మొదటిసారి పొద ముందుభాగం, రెండోసారి ఫోకస్ మార్చి పొద లోపల.

జాడ దొరికితే: కూడూ గిట్ట గుర్తు ఒంటికి తగ్గంత పెద్దది కాదు, గుండె ఆకారంలో, మొన తేలి ఉంటుంది. ఎలాండ్ అనే ఇంకో పెద్ద జింకజాతిది అంతకంటే పెద్దది, గుండ్రం. అంచులు పదునుగా ఉంటే తాజా జాడ. అంచులు రాలి, మీద పురుగుల గీతలు కనిపిస్తే రాత్రిది. పెంటికలు చిదిపి చూడండి, లోపల తడిగా ఉంటే దగ్గర్లోనే ఉంది.

4. ఏ మగదో తేల్చుకోండి

రెండేళ్ళకు కొమ్ము ఒక చుట్టు తిరుగుతుంది. రెండున్నర చుట్లు నిండటానికి ఆరేళ్ళు పడుతుంది. ఒక చుట్టున్నదాన్ని కొడితే ఇంకా ఈడుకు రానిదాన్ని తీసేసినట్టు. పక్క నుంచి చూసినప్పుడు కొనలు బయటికి తిరిగి తెల్లగా మెరుస్తూ ఉండాలి, మెడ లావుగా ఉండాలి. మాంసానికే వెళ్తుంటే యజమాని చూపించిన ఆడదాన్నే కొట్టండి, ఆ మాంసమే లేతగా ఉంటుంది.

ఒక జాగ్రత్త: మనిషిని చూసి బెదరకుండా ఇళ్ళ దాకా వచ్చే కూడూ, నోట చొంగ కారుస్తూ తూలే కూడూ కనిపిస్తే ముట్టుకోవద్దు. నమీబియాలో 1977 నుంచి కూడూ మందల్లో రేబిస్ పెద్ద ఎత్తున వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ తిరగబెట్టింది. వెంటనే యజమానికి, పశువైద్యాధికారికి చెప్పండి. ఆ మాంసం మీదా తోలు మీదా ఆశ పెట్టుకోవద్దు.

5. ఎక్కడ కొట్టాలి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఆఫ్రికా జింకజాతుల్లో గుండె మనం అనుకునేదానికంటే కిందికీ ముందుకీ ఉంటుంది, దాదాపు రెండు ముందరికాళ్ళ మధ్య. అమెరికా పద్ధతిలో “జబ్బ వెనక” కొట్టడం నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ కార్జాన్నో, పొట్టనో కొడతారు. పక్కకు తిరిగి నిలబడ్డ కూడూకి గురి ఇలా పెట్టండి: దగ్గరి ముందరికాలి మధ్యగీత పట్టుకుని పైకి వెళ్ళండి. రొమ్ము కింది అంచు నుంచి వీపు దాకా ఉన్న ఎత్తును మూడు వంతులు చేసుకుని, కింది వంతు ముగిసేచోట ఆగండి. అక్కడ తగిలితే గుండె పైభాగం, పెద్ద రక్తనాళాలు, ఊపిరితిత్తులు అన్నీ తూటా దారిలోకి వస్తాయి. తూటా కాస్త పక్కకు జరిగినా ప్రాణం తీసే చోటే.

ఎందుకు సగం ఎత్తులో కొట్టకూడదు? జబ్బ దగ్గర వీపుగీత పైకి ఉబికి, జూలుతో ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. నిజమైన వెన్నెముక ఆ గీతకు చాలా కింద ఉంటుంది. మధ్యలో ఉన్నవి వెన్నుపూసల నుంచి పైకి లేచిన ఎముక పలకలు మాత్రమే. తూటా వాటికి తగిలితే కూడూ పిడుగు పడ్డట్టు కూలిపోతుంది. అందరూ చేతులు కలుపుకుంటారు. అర నిమిషంలో అది లేచి వెళ్ళిపోతుంది, తరువాత దొరకదు. కాల్చగానే కుప్పకూలిన జంతువును చూసి సంతోషపడకండి. వెంటనే రెండో తూటా ఎక్కించి గురి మీదే ఉండండి.

నిలబడ్డ తీరును బట్టి:

- అవతలికి ఏటవాలుగా తిరిగి ఉంటే, అవతలి ముందరికాలి మీదకు గురి గీయండి. అది ఎంత వెనక్కి తిరిగితే తూటా అంత వెనక నుంచి లోపలికి పోవాలి.
- ఎదురుగా ఉంటే, గొంతు మొదట్లో రొమ్ము మధ్య. అదీ 80 మీటర్ల లోపు, కర్ర మీద తుపాకీ కదలకుండా ఉంటేనే.
- వెనక వైపు ఉంటే ఆగండి. తల మీద కొట్టకండి. రెండు అంగుళాలు తప్పితే దవడ విరిగి ఆకలితో రోజుల తరబడి చస్తుంది.

ట్రిగ్గర్ నొక్కేముందు మూడు చూడండి. జంతువుకు ముందు కొమ్మ ఉందా? వేలెడంత కొమ్మ కూడా తూటాను పక్కకు తోస్తుంది. వెనక ఇంకో జంతువు ఉందా? బాండెడ్ తూటా ఒకదాన్ని దాటి రెండోదాన్ని గాయపరుస్తుంది. గుట్ట శిఖరం మీద ఆకాశం వెనకగా నిలబడిందా? తూటా ఆగడానికి మట్టి లేనిచోట కాల్చకూడదు, అవతల ఎవరి ఇల్లుందో మీకు తెలియదు.

కూడూ బెదిరి పరుగెత్తితే తొందరపడవద్దు. చాలాసార్లు పొదల్లో దూరేముందు ఒక్కసారి ఆగి వెనక్కి చూస్తుంది. కర్ర అటు తిప్పి సిద్ధంగా ఉండండి. ఆగకపోతే వదిలేయండి.

6. మిగతా జంతువుల్లో తేడాలు

ఇంపాలా, స్ప్రింగ్‌బాక్: 30 నుంచి 60 కిలోలే. ప్రాణం తీసే చోటు చారెడు మాత్రమే. స్ప్రింగ్‌బాక్ బయలు నేలలో ఉంటుంది కాబట్టి దూరం ఎక్కువ, పక్కగాలి తూటాను జరుపుతుంది. పడుకుని కాల్చండి.

జెమ్స్‌బాక్: ఆడా మగా రెండింటికీ కొమ్ములుంటాయి, ఆడదానివే పొడవు. జబ్బ మీద మూపురంలా ఎత్తు ఉండటంతో పైన కొట్టే తప్పు దీని దగ్గర ఇంకా ఎక్కువ. గాయపడితే కొమ్ములు బల్లేల్లా తిప్పుతుంది, ఎదురుగా వెళ్ళకూడదు.

వైల్డ్‌బీస్ట్: కూడూ కంటే మొండిప్రాణం. గుండెకు తగిలినా దూరం పోతుంది. తేలిక తూటా వాడకండి. ఎలాండ్ మగది 500 కిలోలు దాటుతుంది, దానికి త్రీ సెవెంటీఫైవ్ రైఫిల్ ఉంటే ధీమా.

7. కాల్చిన మొదటి నిమిషం

కదలకండి. జంతువు ఎలా స్పందించిందో గుర్తుపెట్టుకోండి. ముందుకు ఎగిరి తల వంచి వేగంగా పరుగెత్తితే గుండె లేదా ఊపిరితిత్తులు. వీపు విల్లులా వంచి, చిన్నచిన్న అడుగులతో పోతే పొట్ట. ఏమీ మారకుండా పోతే తప్పి ఉండొచ్చు, అయినా వెళ్ళి చూడాల్సిందే.

మీరు నిలబడ్డచోట కర్ర వదిలేయండి. జంతువు నిలబడ్డచోటు దగ్గర ఏదైనా చెట్టును గుర్తు పెట్టుకోండి. దగ్గరికి వెళ్ళాక పొదలన్నీ ఒకేలా ఉంటాయి, ఈ గుర్తులు లేకుండా తగిలిన చోటు కనుక్కోవడమే గంట పని.

తగిలినచోట నేల మీద రక్తం చూడండి:

- నురుగుతో గులాబీ రంగు: ఊపిరితిత్తులు. 10–15 నిమిషాలు ఆగి వెళ్ళండి, ఎక్కువసార్లు 100 మీటర్ల లోపే ఉంటుంది.
- ముదురు ఎరుపు, చిక్కగా: కార్జం. కనీసం అరగంట ఆగండి.
- పచ్చని జిగురు, మేత వాసన: పొట్ట. గంటా, రెండు గంటలూ ఆగాలి. ఇక్కడ తొందరపడితే పడుకున్న జంతువు లేచి కిలోమీటర్లు పోతుంది.
- విరిగిన ఎముక ముక్కలు, మొదట్లో బాగా రక్తం, తర్వాత ఏమీ లేదు: కాలు. ఆలస్యం చేయకుండా ట్రాకర్‌తో (జాడ పట్టే మనిషి), ఉంటే కుక్కతో వెళ్ళండి.

వెతికేటప్పుడు ట్రాకర్ ముందు, తుపాకీ పట్టుకున్నవాళ్ళు పక్కన, మిగతావాళ్ళు వెనక. రక్తపు చుక్క కనిపించిన ప్రతిచోటా ఒక టాయిలెట్ పేపర్ ముక్క కొమ్మకు గుచ్చండి. జాడ తప్పిపోతే వెనక్కి తిరిగి ఆ తెల్లముక్కల వరుస చూస్తే అది ఏ దిక్కుగా పోతోందో తెలుస్తుంది. జాడ మీద అడుగు వేయకండి, పక్కగా నడవండి. చివరి ముక్క దగ్గర నుంచి సగం వలయం తీసి వెతకండి. పని అయ్యాక ఆ పేపర్లన్నీ ఏరుకుని రావాలి.

చీకటి పడితే చోటు గుర్తు పెట్టి తెల్లవారగానే మళ్ళీ మొదలుపెట్టండి. దక్షిణాఫ్రికాలో గాయపడి దొరకని జంతువుకూ డబ్బు కట్టాలి, దాదాపు ఫామ్‌లన్నిటా అదే పద్ధతి. అది న్యాయమే.

8. దగ్గరికి వెళ్ళడం

తల వైపు నుంచి కాదు, వెనక నుంచి, వీపు వైపుగా వెళ్ళండి. తుపాకీ సిద్ధంగా ఉండాలి. పొడవాటి కర్రతో కనుగుడ్డును తాకండి. రెప్ప కదిలితే బతికే ఉంది, ఇంకో తూటా వేయండి. ప్రాణం పోయిన జంతువు కళ్ళు సాధారణంగా తెరిచే ఉంటాయి. కళ్ళు మూసుకుని పడి ఉంటే అనుమానించండి.

9. మాంసం

తల గోడకు పెట్టించాలనుకుంటే గొంతు కోయకండి, తోలు పాడవుతుంది. ఎక్కడ కోయాలో తోలు తీసే స్కిన్నర్‌కి వదిలేయండి. అరగంటలో పేగులు తీసేయాలి. చలికాలమే కదా అని ఆలస్యం చేస్తే పొట్ట ఉబ్బి, తొడల దగ్గర మాంసం పులిసిపోతుంది. పొట్టకు తూటా తగిలితే ఆ చుట్టుపక్కల మాంసం కడగడం కాదు, కోసి పారేయాలి. షెడ్డులో వేలాడదీసి 7 డిగ్రీల లోపు చల్లబరచండి.

క్రూగర్ నేషనల్ పార్క్ చుట్టుపక్కల ప్రాంతాల నుంచీ, నమీబియాలో రెడ్ లైన్ అనే పశువైద్య కంచెకు ఉత్తరం నుంచీ పచ్చిమాంసం బయటికి తేవడానికి గాలికుంటు వ్యాధి వల్ల ఆంక్షలున్నాయి. బయల్దేరేముందే యజమానిని అడగండి. ఇండియాకు మాంసం, కొమ్ములు, తోలు తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు.

ఇంటికి తెచ్చుకున్నదాన్ని బిల్టాంగ్ చేసుకోవచ్చు. మన పల్లెల్లో దండెం మీద ఎండబెట్టే తునకల్లాంటిదే, ఎండలో కాకుండా గాలికి ఆరబెడతారు అంతే. తొడ కండను పోగు వెంబడి రెండు వేళ్ళ మందాన కోయండి. కిలోకు 20–25 గ్రాముల ఉప్పు, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, మిరియాలు, తడవడానికి సరిపడా బ్రౌన్ వెనిగర్. రాత్రంతా చలువలో ఉంచి, ముక్కకు ముక్క తగలకుండా వేలాడదీసి ఫ్యాన్ పెట్టండి. డర్బన్ తేమలో ఫ్యాన్ లేకపోతే బూజు పట్టడం ఖాయం. నాలుగు నుంచి ఏడు రోజుల్లో తూకం సగానికి వస్తుంది. వంచితే పైన చిట్లి, లోపల కొంచెం ఎర్రగా ఉండాలి.

10. తూటా దారి చూసుకోండి

తోలు తీస్తున్నప్పుడు షెడ్డు దగ్గర ఉండండి, లోపలికి వెళ్ళి స్నానం చేయడానికి తొందరపడకండి. తూటా లోపలికి పోయిన రంధ్రం మీద వేలు పెట్టి, ముందరికాలి గీతకు ఎన్ని వేళ్ళ దూరంలో ఉందో చూడండి. కావాలనుకున్న చోటికి నాలుగు వేళ్ళు వెనక ఉంటే మీరు జబ్బ వెనక గురిపెట్టే అలవాటులో ఉన్నారు. ప్రతిసారీ పైన తగులుతుంటే తుపాకీ గురి పైకుందో, వీపుగీతను చూసి మోసపోతున్నారో తేలాలి. కాగితం మీద మళ్ళీ మూడు తూటాలు కాల్చి చూస్తే ఏదో తెలిసిపోతుంది. ఛాతీ తెరిచాక ఊపిరితిత్తులు రెండూ చితికి ఉన్నాయా, ఒకటేనా చూడండి. ఒకటే అయితే జంతువు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ ఏటవాలుగా నిలబడి ఉంది. తోలు కింద అవతలి వైపు ఆగిన తూటా దొరికితే తూకం వేయండి. 180 గ్రెయిన్లది సగం కూడా మిగలకపోతే వచ్చే ఏడు వేరే తూటా కొనండి.